చిల్లగింజ పడ్డ సీసా

పొద్దున ఏడింటికి తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. డెబ్బైల నాటి మాట. నీళ్ళు పరీక్షించే ఆఫీసులో పని నాది. ఉప్పుడు బియ్యం మిల్లు వదిలే నీళ్ళతో రేపల్లె కాలువ కంపు కొడుతోందని అర్జీ వచ్చింది. నమూనాలు తెచ్చి తేల్చాలి.

వేమూరు దాకా బండి తీరిగ్గా నడిచింది. పసుపుకొమ్ముల సంచి పక్కన పెట్టుకున్న దుగ్గిరాల రైతు నా ఖాళీ సీసాలు చూసి, "ఏంటి బాబూ, నెయ్యికా?" అన్నాడు.

"కాలువ నీళ్ళకండి."

"దానికి రైలెందుకు? మా ఊళ్ళోనూ ఉందిగా కాలువ."

రేపల్లెలో దిగి నేరుగా అర్జీదారు దగ్గరికే వెళ్ళాను. అర్జీ పెట్టిన సుబ్బమ్మగారు కాలువ గట్టున భోజనాల ఇల్లు నడుపుతోంది. ఇడ్లీలు మల్లెపూలే గాని తినేవాళ్ళు లేరు. "ఈ కంపులో విస్తరి ముందు ఎవరు కూర్చుంటారు? ఇలాగైతే పొయ్యి ఆర్పుకోవడమే" అంది.

బస్సులో పెనుమూడి రేవుకెళ్ళి పోల్చి చూడ్డానికి కృష్ణ నీళ్ళు ఒక సీసాలో పట్టాను. తిరిగొచ్చి మిల్లు తూము దిగువన, జనం తోడుకునే రేవులో రెండోది నింపాను. సుబ్బమ్మగారు పెట్టిన గోంగూర పచ్చడితో కడుపునిండా తిని, ఆ ఇంటి అరుగు మీద కునుకు తీశాను. లేచి చూద్దును కదా, రెండు సీసాలూ ఒకేలా తళతళలాడుతున్నాయి.

"చిల్లగింజ అరగదీసి కలిపాను బాబూ. మడ్డి కిందికి దిగాక పైతేట వడగట్టి పోశాను" అంది సుబ్బమ్మగారు.

"ఎందుకు పిన్నిగారూ?"

"ఇంటికొచ్చినవాడికి మురికినీళ్ళు కట్టివ్వడమా? ఆఫీసులో మా ఊరి పరువేం కాను?"

తల పట్టుకున్నాను. "మీ పొయ్యిని కాపాడేది ఆ మురికేనండి."

ఆమె ముఖం చిన్నబోయింది. అంతలోనే కొంగు బిగించి, "పద, సాయంత్రం బండి అందుకోవాలి" అంది. కాలువలోకి నాకంటే ముందు ఆమే దిగి, "ఇక్కడ బాగా నల్లగా ఉన్నాయి, ఇవి పట్టు" అంది. అలా ఏరకూడదని చెప్పి పాత రేవులోనే పట్టాను. నాకు నవ్వాగలేదు.

స్టేషన్‌కి ఆమే వచ్చింది. పులిహోర పొట్లం, మరచెంబుతో తేటనీళ్ళు కిటికీలోంచి అందించింది. "చెంబులోవి తాగు. సీసాలోవి ఉన్నదున్నట్టు చూపించు. పరువు పోతే పోనీ."

భట్టిప్రోలు దాటాక ఒక పెద్దాయన దాహమంటే చెంబు ఇచ్చాను. "తియ్యగా ఉన్నాయి. ఏ ఊరివి?"

"రేపల్లెవండి."

"మరి ఆ మురికి సీసాలోవి?"

"అవీ రేపల్లెవేనండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చాలా ఊళ్ళ నీళ్ళు మోశాను గాని, ఇంత సంతోషంగా మోసింది ఆ ఒక్కసారే. మీరెప్పుడైనా రేపల్లె వెళితే సుబ్బమ్మగారి ఇడ్లీలు తినండి. మిల్లు తూము మళ్ళించారు, ఆ పొయ్యి వెలుగుతూనే ఉంది.