ట్యూబు చల్లారేదాకా

ఎక్కడ స్పిరిట్ వాసన తగిలినా సరే, నా ముక్కు నన్నడగకుండానే బల్లార్పూర్ దగ్గరి దుర్గాపూర్‌కు బయలుదేరుతుంది. గని కార్మికుల బజారులో, ఒక మేక లోపలికొస్తే మనిషి బయట నిలబడాల్సినంత విశాలమైన రక్త, మూత్ర పరీక్షల ల్యాబులో, స్పిరిట్ దీపం ముందు నాకు పని నేర్పిన సామేలు సార్ కూర్చొని ఉంటారు. ఆయన మీసాన్ని చూసి వరోరా వైపు వెళ్లే గూడ్సు బండి సిగ్నలనుకొని ఆగేదని ప్రమాణం చేసి చెప్పగలను. నా ప్రమాణాలను నమ్మడం మీ ఇష్టం.

ఊళ్లోకి కేబుల్ టీవీ, కొత్త కోలా సీసాలు ఒకేసారి వచ్చిపడ్డ రోజులవి. సార్ ఒంట్లోకీ కొత్త సరుకొచ్చింది: వాళ్లక్క మరియమ్మ ఇచ్చిన కిడ్నీ. నాగపూర్‌లో పెట్టించుకున్నారు. సొంత కిడ్నీలు ఎందుకు పాడయ్యాయో ఎవరూ తేల్చలేదు. ప్రతి సోమవారం ఆయన మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూడటం నా పని. మధ్యాహ్నం అక్క టిఫిన్ డబ్బాతో వచ్చి, బల్లార్పూర్ దాకా వినిపించేలా నన్నడిగేది.

“ఏం తమ్మీ, నా కిడ్నీ ఎట్లుంది?”

“అద్దం లెక్క ఉందక్కా!”

“ఉప్పు వద్దన్నా వీడు దొంగతనంగ మామిడికాయ తొక్కు తింటుండు, జర చూడు.”

ల్యాబు మొత్తానికి నేనే వేగవంతుణ్ణి. ఉన్నది ఇద్దరమే అనుకోండి. ట్యూబును మంట మీద ఒక్క ఉదుటున మరిగించి, తెల్లబడకపోతే ప్రొటీన్ లేదని ‘నిల్’ రాసేసేవాణ్ణి. ఒక సోమవారం సార్ వాచిన తన పాదాలు చూసుకొని, నా చెయ్యి పట్టుకున్నారు.

“చల్లారినంక చూసినవా?”

“మరిగినంక ఇంకేముంటది సార్?”

“మళ్ల పెట్టు. నిమ్మళంగ.”

వెచ్చబడగానే ట్యూబులో తెల్లని మబ్బు కమ్మింది. మరిగేసరికి మాయమైంది. “పోయింది సార్!” అని గంతేశాను.

“దింపు. జర నోరు ముయ్యి.”

చల్లారుతుంటే మబ్బు మళ్లీ వచ్చి కూర్చుంది.

“మామూలుది మరిగినా తెల్లగనే ఉంటది. ఇది రక్తంలకెళ్లి వచ్చే వేరే ప్రొటీన్. నా పాత కిడ్నీలను తిన్నది ఇదే ఉంటది. ఇప్పుడు అక్క ఇచ్చినదాన్ని పట్టింది.”

ఎన్ని సోమవారాలు దాన్ని ‘నిల్’ అని పంపించేశానో! ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అంతలో డబ్బా చప్పుడు, వెనకే ఆ ప్రశ్న. నా నోట్లో అద్దం పగిలింది.

“అక్కా, ఇట్ల కూసో,” అని సార్ అంతా చెప్పారు.

ఆవిడ విని, డబ్బా మూత తీస్తూ, “నాకు ఇంకోటున్నది గదరా,” అంది. అంత పెద్ద మీసమూ ఆయన పెదాల వణుకును దాచలేకపోయింది.

నాగపూర్ డాక్టర్లూ సార్ మాటే నిజమన్నారు. ఆ కిడ్నీ ఏడాది నిలవలేదు. ఆ తర్వాత సార్ కూడా.

ఇప్పుడు నా ల్యాబులో యంత్రాలున్నాయి. అవి నాకంటే వేగవంతులు. అయినా అనుమానం వస్తే పక్కన ఒక ట్యూబు దీపం మీద పెట్టి, అది చల్లారేదాకా కలం తియ్యను. సోమవారం మధ్యాహ్నమైతే మాత్రం చెవి తలుపు దగ్గరే ఉంటుంది. ఈసారి అక్క అడిగితే చల్లారాక చూసిన జవాబే చెబుతాను. ఆ డబ్బా చప్పుడే రాదు.