ఆ చీటీ మీద ఉన్నది నా పేరు

ఈ సంగతిని మోయబట్టి నాలుగేళ్ళు దాటింది. మా ఆయనకు తెలియదు. నా బిడ్డకు తెలియదు. తెలియాల్సిన మనిషి రోజూ నాతోపాటు ఒకే పొయ్యి దగ్గర కూర్చుంటుంది, నేను వండింది తింటుంది, నాకు తలనొప్పి వస్తే నుదుటికి మందు రాస్తుంది. ఆమెకూ తెలియదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. మొహం తెలిసినవాళ్ళ ముందు ఎన్నిసార్లు నోరు తెరిచానో అన్నిసార్లూ వేరే మాటే బయటికి వచ్చింది.

అలసిపోయాను. పశ్చాత్తాపం అనే పెద్ద మాట వాడాలంటే నాకే సిగ్గుగా ఉంది. అలసట అంటే సరిపోతుంది.

మాది జమ్మికుంట దగ్గర పల్లె. పత్తి వేస్తాం, ఇంటికి సరిపడా వరి వేస్తాం. అన్నదమ్ములిద్దరూ వేరుపడలేదు. నేను చిన్నకోడలిని. పెద్దకోడలు, అంటే నా యారాలు, నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అక్కా అని పిలుస్తాను. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఎంత బియ్యానికి ఎంత ఎసరు పెట్టాలో కూడా ఆమే నేర్పింది. నా బిడ్డకు నీళ్ళు పోసి పెంచింది ఆమే. మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. రోజూ పొద్దుగూకేముందు గోడకు ఆనుకొని కాళ్ళు చాపేది. అక్క నూనె వెచ్చబెట్టి రాసేది. ఆ పని నాకెప్పుడూ చెప్పలేదు. నేను రాస్తే నొప్పి పోదని అత్తమ్మ నమ్మకం.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం అది. వాడకొకరు జ్వరంతో పడి ఉన్నారు. అత్తమ్మ ఇంట్లో అందరికీ ఒకటే మాట చెప్పింది: పెళ్ళి లేదు, పేరంటం లేదు, ఎవరూ గడప దాటి పోవద్దు. సరిగ్గా అప్పుడే హుజూరాబాదులో మా చెల్లె నిశ్చితార్థం. అడిగాను. వద్దంది. మా ఆయన తల వంచుకొని కూర్చున్నాడు.

రెండు రోజుల తర్వాత నాకు పన్ను నొప్పి అని చెప్పాను. డాక్టరుకు చూపించుకొని వస్తానన్నాను. అక్క వంటింట్లోకి వెళ్ళి లవంగం తెచ్చి, "పంటి కింద పెట్టుకో, జర ఓర్సుకో" అంది. నొప్పి లేని పంటి కింద ఆ లవంగం పెట్టుకొని బస్సెక్కాను. మా అమ్మగారింటి నిండా జనం. ఫోటోల కోసం అందరం మాస్కులు తీసి చేతుల్లో పట్టుకున్నాం. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాను. పన్ను ఎట్లుందని అక్క అడిగింది. తగ్గిందన్నాను.

నాలుగైదు రోజులకు ఒళ్ళు నొప్పులు మొదలయ్యాయి. ఒక పొద్దున దేవుడి దగ్గర ఊదుబత్తి వెలిగిస్తే పొగ కళ్ళకు తగులుతోంది, ముక్కుకు మాత్రం తెలియడం లేదు. నాకు అర్థమైపోయింది. చెప్పలేదు. అక్కకేమో అదే వారం దగ్గు. ఎండిన పత్తికట్టె పీకిన ప్రతి ఏడాదీ ఆ దుమ్ముకు ఆమెకు దగ్గు వస్తుంది. అందరికీ తెలిసిన దగ్గే, కాని ఆ ఏడాది ఎవరు దగ్గినా గుండె ఝల్లుమనేది. ఆమె దగ్గు ఇంటినిండా వినపడింది. నా ఒంట్లో ఉన్నది ఎవరికీ వినపడలేదు.

ఆశా వర్కరు వచ్చి బడిలో పరీక్షలు చేస్తున్నారని చెప్పింది. ఒకే వంటింట్లో తిరుగుతున్నాం కాబట్టి ఇద్దరినీ పొమ్మంది అత్తమ్మ. బడి వరండాలో తెల్లటి సూటు వేసుకున్న పిల్లగాడు ముక్కుల్లో పుల్ల పెట్టి తీశాడు. కాసేపు ఉండమన్నాడు. లైన్లో అక్క దగ్గితే చుట్టూ ఉన్నవాళ్ళు జరిగారు. ఆమెకు మొహం చెల్లలేదు. నన్ను అడిగి తెలుసుకొని రమ్మని, తను పోయి గేటు పక్కన గోడనీడలో కూర్చుంది.

పేర్లు పిలిచారు. అక్కకు లేదు. నాకు ఉంది. నా పేరు రాసిన చీటీ, గోలీల ప్యాకెట్టు నా చేతిలో పెట్టాడు. వేరే గదిలో ఉండమన్నాడు. మాస్కు తీయొద్దన్నాడు. ముసలివాళ్ళ దగ్గరికి అస్సలు పోవద్దని రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ తల ఊపాను.

వరండా నుంచి ఆ గోడ దాకా ఎన్ని అడుగులుంటాయి? ముప్పై ఉంటాయేమో. ఆ ముప్పై అడుగుల్లో నేనేం ఆలోచించాను? ఎవరైనా అడిగితే నాలుగేళ్ళ బిడ్డను వదిలి ఉండలేక అని చెప్పుకోవచ్చు. చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. నిజం అది కాదు. బిడ్డ గుర్తుకే రాలేదు. నీకెట్లా అంటుకుందని అడుగుతారు, పన్ను సంగతి బయటపడుతుంది, నిశ్చితార్థం సంగతి బయటపడుతుంది, మా అమ్మగారింటిని నలుగురిలో పెట్టి తిడతారు. అంతే. తిట్లకు భయపడ్డాను. ముప్పై ఏళ్ళకు దగ్గరపడిన ఆడదాన్ని, బడిపిల్లలా తిట్లకు భయపడ్డాను.

చీటీ మడిచి రవికలో పెట్టుకున్నాను.

"అక్కా, నీకొచ్చిందట."

ఆమె నా మొహంలోకి చూసింది. "నీకో?"

"నాకు రాలే."

"పోనీ తియ్యి. నీకు రాకుంటె సాలు, సిన్నపొల్ల ఉన్నది." లేచి కొంగుతో మూతి గట్టిగా చుట్టుకుంది. నాకు నాలుగడుగులు దూరం జరిగింది. "నేను ఇంటికి రాను. గిట్లనే బాయికాడికి పోత. అత్తను నువ్వే సూసుకో. మోకాళ్ళకు నూనె మరువకు."

ప్యాకెట్టు ఇచ్చాను. అందులో గోలీలు ఏది ఎప్పుడు వేసుకోవాలో చదివి చెప్పాను. ఆమెకు అక్కరలేని మందులు. శ్రద్ధగా విన్నది.

బాయికాడ, అంటే పొలంలో బావి దగ్గర, మోటారు కొట్టం ఉంది. పైన రేకులు. ఆ ఎండల్లో పద్నాలుగు రోజులు ఒక్కతే అందులో ఉంది. మా ఆయన అన్నం గిన్నె గట్టు మీద పెట్టి కేకేసేవాడు. ఆమె అతను దూరం పోయేదాకా ఆగి, వచ్చి తీసుకునేది. రెండు పేర్లకూ ఫోన్ నంబరు నాదే రాయించాం. ఆశా వర్కరు ఫోన్ చేసి వేరే గదిలోనే ఉన్నావా అని అడిగింది. ఉన్నానని చెప్పాను. తర్వాత ఆ ఆశా వర్కరే జ్వరంతో పడిపోయింది, మళ్ళీ ఎవరూ అడగలేదు. చీటీని పొయ్యిలో వేశాను.

ఇంట్లో మాస్కు కట్టుకునే తిరిగాను. ఇది రాయకపోతే నన్ను నేను మరీ రాక్షసిని చేసుకున్నట్టు అవుతుంది, రాస్తే ఏదో సాకు చెప్పుకున్నట్టు అవుతుంది. ఒక రోజంతా కట్టుకున్నాను. రెండో రోజు అత్తమ్మకు అన్నం పెడుతుంటే విసుక్కుంది. ఆమెకు చెవులు సరిగా వినపడవు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. "రోగమొచ్చినామె బాయికాడ ఉన్నది. నీకేమొచ్చిందే, మూతికి గా గుడ్డ? నువ్వేమంటున్నవో నాకు తెలుస్తలేదు."

బావ, అంటే అక్క భర్త, అక్కడే కూర్చొని తింటున్నాడు. తలెత్తి చూశాడు. నిజమే కదా, నీకెందుకు అన్నట్టు.

మాస్కు తీశాను.

బడి దగ్గర చెప్పిన అబద్ధం ఒక్క క్షణంలో జారిపోయిందని అనుకోవచ్చు. ఇది అలా కాదు. నాకు తెలుసు. తెలిసే తీశాను. తీసి, ఆమె దగ్గరగా వంగి, పెద్దగా, పెదాలు బాగా కదిలిస్తూ, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను. ఆ సాయంత్రం ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని నూనె కూడా రాశాను.

వారం తిరక్కముందే అత్తమ్మకు జ్వరం, ఆయాసం. అంబులెన్సు వచ్చింది. కరీంనగర్ తీసుకుపోయారు. మూడో రోజు పోయింది. ఇంటికి తీసుకురానివ్వలేదు. ప్లాస్టిక్‌లో చుట్టినదాన్ని బావ దూరం నుంచి చూశాడు, అంతే. అక్కడి నుంచి ఇంటికి రాకుండా నేరుగా బాయికాడికి పోయాడు. గట్టు మీద నిలబడి, "నన్ను కన్న అవ్వను నువ్వే తింటివి" అన్నాడట. మా ఆయన చెప్పాడు.

ఏడాది పాటు బావ ఆమెతో మాట్లాడలేదు. ఆమె పెట్టిన అన్నం తినలేదు. నేను వడ్డిస్తే తిన్నాడు. ఊళ్ళో పెద్దకోడలు తెచ్చిందన్నారు. పెత్తరమాసనాడు, అంటే పితృ అమావాస్యనాడు, అత్తమ్మ పేరున బియ్యం ఇచ్చేటప్పుడు అక్క చాటను ముట్టుకోదు, తలుపు అవతల నిలబడుతుంది. ఎవరూ ఆమెను నిలబడమనలేదు. తనే నిలబడుతుంది. పరీక్షకు ముందురోజు కూడా మోకాళ్ళకు నూనె రాసింది కదా, తన చేతులతోనే అంటించానని ఆమె లెక్క. ఒకటి రెండుసార్లు నా దగ్గర ఏడ్చింది. నేను వీపు నిమిరాను. నిమిరిన చెయ్యి నాదే.

నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను. పాలు పోసే మనిషి దగ్గర అంటిందేమో. మా ఆయన యూరియా కోసం లైన్లో నిలబడి తెచ్చాడేమో. ఆ పరీక్షలు తప్పు చూపిస్తాయని టీవీలో చెప్పారు కదా. కావచ్చు. నావల్లే పోయిందని రుజువు లేదు. కాని అక్కవల్ల పోలేదని చెప్పగలిగే మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. నాలుగేళ్ళుగా చెప్పలేదు.

మొన్న మంచిర్యాలలో అక్క బిడ్డకు కాన్పు అయింది. ఇద్దరం పోయాం. బస్సులో అక్కకు రెండు తుమ్ములు వచ్చాయి. ఊరంతా మాస్కులు ఎప్పుడో మరిచిపోయింది, ఆమె మాత్రం చిన్న జలుబు చేసినా కట్టుకుంటుంది, వేరే పళ్ళెంలో తింటుంది, పక్క వేరే వేసుకుంటుంది. బస్టాండులో దిగగానే మెడికల్ షాపుకు పోయి పరీక్ష డబ్బా అడిగింది. ఆ షాపతను నవ్వి, ఇంకా ఎవరమ్మా ఇవి కొంటున్నారు అన్నాడు. వెతికి ఇచ్చాడు. బిడ్డ ఇంటి మెట్ల మీదే కూర్చొని ముక్కులో పుల్ల పెట్టుకుంది. లోపల మనవరాలు ఏడుస్తోంది. ఆమె అటు చూడలేదు.

గీత సన్నగా ఉందని ఆ పరీక్ష పలక నాకు ఇచ్చింది. "నాకు కనపడుతలేదు. నువ్వు సూసి చెప్పు. నువ్వు లేదంటేనే పోరిని ఎత్తుకుంట."

ఒక్కటే గీత. లేదని చెప్పాను. నిజమే చెప్పాను. అయినా నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. ఆమె మోచేతుల దాకా సబ్బుతో కడుక్కొని, మాస్కు సరిచేసుకొని, పసిగుడ్డును ఒళ్ళోకి తీసుకుంది. మొహం మీద ఊపిరి తగలకుండా తల పక్కకు తిప్పుకొని ఎత్తుకుంది. సొంత మనవరాలిని అలా ఎత్తుకుంది.

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. బాలింత ముందు ఎందుకనుకున్నాను. తిరుగు బస్సులో జనం ఉన్నారనుకున్నాను. ఇంటికొచ్చాక బావ ఉన్నాడనుకున్నాను. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

ఇంకొకటి ఉంది. ఇంతసేపూ దాన్ని దాటుకుంటూ రాశాను. చీటీ కంటే, మాస్కు కంటే ఇదే నన్ను ఎక్కువ తింటోంది.

అత్తమ్మను అంబులెన్సులోకి ఎక్కించేటప్పుడు బావ ముందు డ్రైవరుతో మాట్లాడుతున్నాడు. మా ఆయన ఆధార్ కార్డు కోసం లోపలికి పోయాడు. స్ట్రెచర్ దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఊపిరి ఆడటం లేదు, అయినా ఆగి ఆగి చెప్పింది. "పెద్దదాన్ని ఏమనొద్దని మీ బావకు చెప్పు. రోగం ఎవలన్న కావాల్నని తెస్తరా?"

చెప్తానన్నాను.

ఆ మాట బావకు చెప్పి ఉంటే ఆ ఏడాది ఉండేది కాదు. గట్టు మీద అన్న మాట ఉండేది కాదేమో. చెబితే నా గుట్టు బయటపడేది కూడా కాదు. మరి ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. ఇప్పుడు తెలుసు. బావ కోపం చల్లారితే, ఎట్లా వచ్చింది, ఎవరెక్కడికి పోయారు అని నెమ్మదిగా కూర్చొని ఆలోచిస్తారు. ఆ కోపం అక్క మీద ఉన్నంతకాలం ఎవరూ నా వైపు చూడరు. అందుకని దాన్ని ఆరనివ్వలేదు. చనిపోయే మనిషి పంపిన మాటను నా కోసం దాచుకున్నాను.

ఇప్పుడు బావ అక్కతో మాట్లాడుతున్నాడు. అవసరమైనంత మాట్లాడుతున్నాడు. ఆమెకు అదే చాలనిపిస్తోంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది ఇవ్వాల్సినవాళ్ళు మీరు కాదు. వాళ్ళను అడిగే ధైర్యం నాకు వస్తుందని మాట కూడా ఇవ్వను, ఇదివరకు చాలాసార్లు ఇచ్చుకున్నాను. ఇంత మాత్రం చెప్పగలను. మా అత్తమ్మ తన పెద్దకోడలి మీద కోపంతో పోలేదు. ఇది ఈ రోజుదాకా నా ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.