నా మంచితనానికి సున్నం కొట్టించిన వైనం

ఇంగ్లాండు వెళ్ళి చదువుకునే యోగం నాకు బతుకులో ఒక్కసారి పట్టింది. దాన్ని నా చేతులతో నేనే, ఎవరి సాయమూ లేకుండా, ఎలా నాశనం చేసుకున్నానో చెబుతాను. మీరు కడుపారా నవ్వుకోండి. జాలి మాత్రం పడకండి. ఆ రోజుల్లో నా పేరు పెట్టుకుని తిరిగిన వెధవ జాలికి తగినవాడు కాడు.

నాగపూరులో ఇంటర్ సైన్సు ఎలాగో గట్టెక్కి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో మా ఇంటికి వచ్చిపడ్డాను. మా నాన్న ఇంజను డ్రైవరు. ఇంజన్లు తోలిన ఇంట్లోంచి ఇంజన్లు తయారుచేసేవాడు రావాలని ఆయన కోరిక. మా విజయనగరం వైపు జమీందారు గారొకరు నా చదువు ఖర్చు భరిస్తామన్నారు. కాకపోతే ఈ ఏడాది ఓడకే వెళ్ళాలి, లేదంటే వరసలో రెండోవాడికి ఇచ్చేస్తామన్నారు. ఓడెక్కాలంటే పాస్‌పోర్టు కావాలి. జిల్లా కచేరీలో దరఖాస్తు పెట్టి వచ్చాను.

పెట్టిన మర్నాటి నుంచే నేను దొరనైపోయాను. వైశాఖపు ఎండలో బిలాస్‌పూర్ పెనంలా కాలిపోతుంటే, ఉన్ని కోటు వేసుకుని, మెడకి టై బిగించి, కొళాయి దగ్గరికి నీళ్ళకి వెళ్ళేవాణ్ణి. పక్క క్వార్టరు గున్నమ్మత్త మా నాన్నని ఆపి మరీ అడిగింది: "గుంటడికి సలిజొరం ఏటి, అన్నయ్యా? డాట్రుకి సూపించినావా?"

ఇంతలో కచేరీ గుమాస్తా ఒకాయన నాకు కబురు చెప్పాడు, విచారణకి పోలీసు థానేదారు మా ఇంటికి వస్తాడని. అది సత్యాగ్రహాల కాలం. ఖద్దరు టోపీ కనిపిస్తే చాలు, పోలీసువాళ్ళకి నిద్ర పట్టేది కాదు. కుర్రవాడికి రాజకీయాలు అంటుకున్నాయేమో చూస్తారని గుమాస్తా గారు తన ఊహ కూడా ఒకటి జోడించాడు.

ఇంకేం కావాలి? అధికారి వస్తున్నాడంటే రైల్వేవాళ్ళం ఏం చేస్తామో మీకు తెలుసుగా. పెద్ద సాయిబు తనిఖీకి స్పెషల్ బండిలో వస్తున్నాడని తెలిస్తే, కదలని రాయికల్లా సున్నం కొడతాం. తర్వాత అందరం ఒక మాట మీద ఉంటాం. ఆ విద్యే ఇక్కడా వాడాలని నా మట్టిబుర్రకి తట్టింది. నాన్న కూడా సరేనన్నాడు.

"మరేటి! సాయిబు షెడ్డుకొస్తే మేం ఏటి సేస్తాం? అందరం ఒకటే జవాబు. ఒకడో మాట, ఇంకోడో మాట అన్నామా, మెమో సేతిలో ఎట్టీస్తాడు" అని షెడ్డు నుంచి సున్నం తెచ్చి ఇచ్చాడు.

మా వరస క్వార్టర్లన్నిటికీ సున్నం కొట్టించాను. సాయంత్రాలు ఆ ఇళ్ళవాళ్ళందర్నీ మా అరుగు ముందు కూర్చోబెట్టి పాఠం మొదలెట్టాను. మావాళ్ళలో ఆడవాళ్ళకి హిందీ కూరల బేరానికి మించి రాదు. అందుకని ఒక్క ముక్క తయారుచేశాను: "బహుత్ అచ్ఛా లడ్కా హై సాబ్, రాజనీతి సే కోయీ మతలబ్ నహీ." చాలా మంచి కుర్రాడండీ, రాజకీయాలతో ఏ సంబంధమూ లేదు అని.

గార్డు పైడిరాజు మావయ్యకి ఇది చప్పగా తోచింది. "నానింకో ముక్క కలుపుతానురా. నువ్వు రోజూ రామాయణం సదువుతావని సెప్తాను."

"వద్దు మావయ్యా! ఒక్క అక్షరం కలిపావో, నా ఓడ మునిగిపోతుంది."

గున్నమ్మత్తకి ఇంకో అనుమానం. "ఆ పోలీసోడు ఇంకోటేటైనా అడిగితేనో?"

"ఏమడిగినా ఇదే, అత్తా."

"నా పేరడిగితే?"

"అప్పుడూ ఇదే చెప్పు!"

చూశారా ఆ తెలివి? ఇలాంటివాడి కోసం ఇంగ్లాండులో ఒక కాలేజీ తలుపులు తెరుచుకుని కూర్చుంది.

థానేదారు వచ్చిన రోజు నాన్న డ్యూటీ మీద రాయగఢ్ వెళ్ళాడు. నేను కోటూ టైతో లోపల కిటికీ దగ్గర కాపలా కాశాను. ఆయన సైకిలు దిగి, చెమట తుడుచుకుని, ముంగిట్లో బియ్యం చెరుగుతున్న గున్నమ్మత్తని అడిగాడు, సూర్యనారాయణ, అంటే నేనే, ఇల్లు ఏదమ్మా అని హిందీలో.

"బహుత్ అచ్ఛా లడ్కా హై సాబ్, రాజనీతి సే కోయీ మతలబ్ నహీ!"

"అచ్ఛా, అచ్ఛా. ఇల్లు ఏది?"

పాపం ఆయనకి చెవుడనుకుంది కాబోలు, మా అత్త లేచి నిలబడి అదే ముక్క గొంతెత్తి చదివింది. ఆయన ఆవిణ్ణి వదిలి పైడిరాజు మావయ్య దగ్గరికి వెళ్ళాడు. సూర్యనారాయణ ఇక్కడే ఉంటాడా అన్నాడు. మావయ్య అటెన్షన్‌లో నిలబడి అదే ముక్క అప్పజెప్పాడు. తమరేం చేస్తుంటారు అన్నాడు. అదే ముక్క. నేను కిటికీలో నిలబడి, భేష్, ఒక్క అక్షరం పొల్లుపోలేదని మురిసిపోతున్నాను!

థానేదారు కనుబొమలు ముడిపడ్డాయి. "రాజకీయాల మాట నేను అడగనే లేదే! మీకిది ఎవరు నేర్పారు?" అంటూ గోడకి ఆనుకున్నాడు. ఖాకీ చొక్కా వీపంతా తెల్లబడింది. దులుపుకుంటూ గోడవైపు అదోలా చూశాడు. "వానలొచ్చే ముందు సున్నం ఎవరైనా కొడతారా? దీని కింద ఏం నినాదాలు రాసిపెట్టారు?"

అడిగిన పాపానికి వరస వరసంతా గుమ్మాల్లోకి వచ్చి, పిల్లాజెల్లా కలిసి, నేను మంచి కుర్రాణ్ణని ఒక్క గొంతుతో అరిచింది.

ఆయన గబగబా మా అరుగెక్కి తలుపు తట్టాడు. తీశాను. నన్నూ నా కోటునీ కిందనుంచి పైదాకా చూసి, సూటిగా అడిగాడు: "సూర్యనారాయణ నువ్వేనా?"

జీ హాఁ, అవునండీ అంటే చాలు. రెండే ముక్కలు. కానీ నాలుక దాని ఇష్టప్రకారం కదిలింది.

"బహుత్ అచ్ఛా లడ్కా హై సాబ్..."

"ఎవరు?"

"రాజనీతి సే కోయీ మతలబ్ నహీ."

"సరే. మరి నువ్వెవరివి?"

నోరు తెరిచాను. మళ్ళీ అదే వచ్చింది. ఆయన పెన్సిలు జేబులో పెట్టుకుని, "ఆ మంచి కుర్రాడెవరో ఇంటికొస్తే థానాకి పంపు" అని సైకిలెక్కాడు.

సాయంత్రం నాన్న డ్యూటీ దిగి, మొహం మీద బొగ్గు కూడా కడుక్కోకుండా సంగతంతా విన్నాడు.

"మరి నువ్వేనని సెప్పలేదేటిరా?"

"అది మనం ప్రాక్టీసు చెయ్యలేదు నాన్నా."

మర్నాడు థానాకి పరిగెత్తాను. ఆ పేరుగలవాడు అక్కడ కనబడలేదని కాగితం అప్పటికే పైకి వెళ్ళిపోయిందట. సూర్యనారాయణవి నువ్వేనని నమ్మకమేమిటి, చుట్టుపక్కలవాళ్ళనెవరినైనా తీసుకురమ్మన్నారు. గున్నమ్మత్తని తీసుకెళ్ళాను. ఆవిడ ఏమందో మళ్ళీ రాయక్కర్లేదనుకుంటాను.

విచారణ మళ్ళీ మొదలై తేలేసరికి ఓడ వెళ్ళిపోయింది, వరసలో రెండోవాణ్ణి ఎక్కించుకుని. నాన్న ఉన్ని కోటు తనే మడిచి పెట్టెలో పెట్టి, డ్యూటీకి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ మడతపెట్టడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

అందుచేత పాఠక మహాశయులారా, మీ అందరి సమక్షంలో, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా నా పేరడిగితే నా పేరే చెబుతాను. మంచివాడినా కాదా అన్నది, అడిగినప్పుడు చూసుకుంటాను. ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు.