జరుగుతుందిలెండి ఆంటీ

ఈ పరాయి దేశంలో, నగర శివారు వెర్రిబీకి వెళ్లే రైల్లో నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని, ఎదురు సీట్లోని పెద్దావిడ పలకరించింది. మాటల మధ్య ఎన్నికల సంగతి వచ్చింది. తమ పార్టీ బ్రాంచిలో అందరూ ఒక బస్సు డ్రైవరమ్మనే అభ్యర్థిగా కోరుకుంటున్నారట.

"పార్టీలో ఆమెకి అండ ఎవరూ లేరు బాబూ. కానీ మా వీధిలో ప్రతి తలుపూ కొట్టింది. ఆమెకి ఓటేద్దామనే నేను మెంబర్‌షిప్ తీసుకున్నా. హెడ్డాఫీసు వాళ్లు అభ్యర్థిని ఎంచుకునే మా మెంబర్ల ఓటింగ్ జరగనిస్తారంటావా?"

ఆ హెడ్డాఫీసు కమిటీలో నేనూ ఒకణ్ణి. ఓటింగు రద్దు చేసి మా మనిషిని నిలబెట్టే తీర్మానం మీద ఆ ఉదయమే సంతకం పెట్టాను.

"జరుగుతుందిలెండి ఆంటీ" అన్నాను.

"నీ నోట్లో పంచదార పొయ్యా!" అంటూ నా భుజం తట్టి దిగిపోయింది.

మర్నాడు రద్దు ప్రకటన వెలువడింది. ఇప్పటికీ ఆ రైలెక్కితే, పెట్టెలో ఆవిడ లేదని చూసుకున్నాకే కూర్చుంటాను.