సార్‌కు చెప్పరాదు

తెలంగాణ వచ్చిన కొత్తలో మాలాంటి వాళ్లకు కొలువు దొరకడం ఒక ఎత్తు, దొరికిన కొలువు నిలుస్తుందో లేదో తెలియకుండా బతకడం ఇంకో ఎత్తు. నా కొలువు నార్కట్‌పల్లిలో రోడ్డు పక్క ట్రాక్టర్ల షోరూంలో. రిపేరుకొచ్చిన బండి కష్టసుఖాలు రాసుకుని షెడ్డుకు పంపడం నా పని. కొన్నాళ్లు చూసి, నచ్చితే పర్మనెంట్ చేస్తామన్నారు. నచ్చుతున్నానో లేదో చెప్పాల్సింది మేనేజర్ సారు. ఆయనేమో గుంటూరు వైపు మనిషి, బాగుంటే ఏమనడు, బాగా లేకపోయినా ఏమనడు. నేను కుదురుగా ఉండే రకం కాదు. ఆయన దగ్గితే నా మీదే దగ్గాడనుకునేవాణ్ని. గదిలోంచి బయటకొచ్చినప్పుడు నన్ను చూశాడా, నా వెనక గోడ గడియారాన్ని చూశాడా అని పొద్దంతా ఆలోచించి, మోత్కూరు బస్సులో కూడా అదే నెమరేసుకుంటూ (ఒకసారి దిగాల్సిన చోటు దాటిపోయి) ఇల్లు చేరేవాణ్ని. నా వాలకం చూసి మా అవ్వ, "నువ్వు కొలువుకు పోతున్నవా, కోర్టుకు పోతున్నవారా?" అనేది.

సారు మాత్రం ప్రతి మీటింగులో "మీకేం ఇబ్బంది ఉన్నా మొహం మీదే చెప్పెయ్యండి, నేనేం అనుకోను" అనేవాడు. మేమంతా తలలూపి, బయటికొచ్చి, టీకొట్టు దగ్గర ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. అందరికంటే ఎక్కువ చెప్పుకునేది షెడ్డులో పెద్ద మెకానిక్, మేం ఉస్తాద్ అని పిలిచే ఆయన. ఎండలు ముదిరాక ఒకనాడు నా ఫోనుకు మెసేజ్ పెట్టాడు. "రేకుల కింద ఉడికిపోతున్నం తమ్మి. ఒక్క కూలర్ లేదు. గీ సారుకు మా ఫికరే లేదు." నేను జవాబు కొట్టాను. "గిదంత సార్‌కు చెప్పరాదు ఉస్తాద్." పంపాక చూసుకుంటే అది పోయింది ఉస్తాద్‌కు కాదు, సారుతో సహా అందరూ ఉండే షోరూం గ్రూపులోకి. అయినా తప్పేముందనుకున్నాను. మా దిక్కు చెప్పరాదు అంటే చెప్పొచ్చు కదా అని బతిమాలడం. కృష్ణా నది అవతలి మనిషి దాన్ని చెప్పకూడదు అని చదువుకుంటాడని నా బుర్రకు తట్టలేదు. (దీర్ఘం తీసి పలికితే ఆయనకూ అర్థమయ్యేదేమో, ఫోనులో రాగం ఎక్కడిది.)

మర్నాటి నుంచి సారు మారిపోయాడు. ఊరికే షెడ్డులోకొచ్చి నిలబడేవాడు. మేం మాట్లాడుకుంటుంటే దగ్గరికొచ్చేవాడు, మేం ఆగిపోతే ఇంకాసేపు నిలబడి వెళ్లేవాడు. స్పేర్ పార్టుల గది తాళంచెవి తన జేబులోనే పెట్టుకున్నాడు. "నీ మెసేజే కొంప ముంచింది తమ్మి, ఇంకో కొలువు దేవులాడుకో" అన్నాడు ఉస్తాద్. అప్పటిదాకా నాకు నిద్ర ఒక్కటే తక్కువ, అప్పట్నుంచి అన్నం కూడా తక్కువైంది. చివరికి నాకే యాష్టకొచ్చి, ఉంచుతాడో తీసేస్తాడో తేల్చుకుందామని ఆయన గదిలోకి పోయాను.

సారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "రావయ్యా, నేనే పిలుద్దామనుకుంటున్నా. నాకేం చెప్పకూడదన్నావు ఆ గ్రూపులో?"

"నేనట్ల అనలే సార్. చెప్పమన్న."

"చెప్పరాదు అని నువ్వేగా రాశావు?"

"అవ్ సార్. గదే అంటున్న, చెప్పరాదు అని."

ఆయన మొహం ఎర్రబడింది. పెద్దమనిషిని నిలబెట్టి మాట్లాడటం బాగుండదని కుర్చీ ఆయన ముందుకు జరిపి, "జర కూసోరాదు సార్" అన్నాను. ఆయన కుర్చీని చూశాడు, నన్ను చూశాడు. కూర్చోకూడదంటూ కుర్చీ వేసే మనిషిని ఆయన అదే మొదటిసారి చూడటం.

"కూర్చోమంటున్నావా, వద్దంటున్నావా?"

"కూసోమనే సార్."

మెల్లగా కూర్చుని, మొహం చేతుల్లో పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. "అయితే ఆ మెసేజ్ కూడా..."

"చెప్పమనే సార్. ఉస్తాద్‌కు కూలర్ కావాలె."

"మీరంతా కలిసి నా దగ్గరేదో దాస్తున్నారనుకుని నిద్రపోవడం మానేశానయ్యా" అన్నాడు. నిద్రపోనివాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను మరి. ఆ ధైర్యంతో అడిగేశాను. "నా పని మంచిగుందా లేదా సార్? మీరేమంటలేరు."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "బాగా చేస్తున్నావు కాబట్టే ఏమీ అనలేదు. బాగున్నదాని గురించి చెప్పడానికేముంటుంది?"

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ మాటేదో ముందే అని ఉంటే నేను ఆ ఎండాకాలమంతా మనిషిలా అన్నం తినేవాణ్ని. కూలర్ వచ్చింది, నా కొలువూ నిలిచింది.

ఇప్పుడు కొత్తకోటలో అలాంటి షోరూంకే నేను మేనేజర్ని. అందరితో కలిసి టీ తాగుతాను, జోకులేస్తాను, నా అంత కలుపుగోలు మేనేజర్ ఈ హైవే మీద లేడని నా నమ్మకం. మొన్న బిల్లులు కొట్టే అమ్మాయి వచ్చి తలుపు దగ్గరే నిలబడి, "సార్, నా మీద నారాజ్ ఉన్నరా?" అంది.

"ఎందుకమ్మా? నీ అంత మంచిగ చేసేటోళ్లు ఎవరున్నరిక్కడ?"

"మంచిగ చేస్తున్నవని ఎన్నడు ఒక్క మాట అనలే కద సార్. నా పని మీకు నచ్చుతలేదేమో అనుకున్న. హైదరాబాద్‌ల వేరే కొలువు దొరికింది, వస్తనని చెప్పిన."

కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఆమె పనిలో నాకు నచ్చినవన్నీ గుర్తు చేసుకుని ఒక్కొక్కటే చెప్పాను. ఆమె నవ్వుకుంటూ అన్నీ వింది, టీ తాగింది, గ్లాసు కింద పెట్టి, "పోయొస్త సార్" అని లేచింది.