ఖర్రా నోటి జవాబు

ఆ పన్నుల వకీలు నోట్లో ఎప్పుడూ ఖర్రానే. పొగాకూ వక్కా అరచేతిలో రుద్ది దవడన దట్టించుకుని, రసం కారకుండా గడ్డం పైకెత్తి కూర్చునేవాడు. ఎవరేం అడిగినా ఒకటే జవాబు: "ఊఁ".

వ్యాట్ కొత్తగా వచ్చిన ఏడాది, చంద్రపూర్‌లో మా రంగుల దుకాణం రిటర్న్ ఆయనే వేయాలి. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను అందులో చూపిస్తే, అమ్మకం మీద కట్టాల్సిన పన్నులో తగ్గిస్తారు.

"సాబ్, మనది దాఖలైందా?" అని మా బాపు నిలబడే అడిగాడు.

"ఊఁ."

బాపు నమ్మాడు. గడువు దాటాక తెలిసింది, మా కాగితాలు ఆయన బల్ల మీదే పడి ఉన్నాయని. కట్టిన పన్నే మళ్ళీ కట్టడానికి బాపు స్కూటర్ అమ్మేశాడు.

తర్వాత రిటర్నులు కంప్యూటర్లోకి వచ్చాయి. నేను పట్టుబట్టి నేర్చుకున్నాను. ఒక ఆఖరి తేదీన ఆ వకీలే తన బావమరిది దుకాణం బిల్లులు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"పాస్‌వర్డ్ ఏంది సాబ్?"

గడ్డం లేచింది. "ఊఁ... ఊఁ..."

"గిట్లంటే నాకు సమజ్ గాదు. ఉమ్మేసి రాండ్రి."

బజారంతా చూస్తుండగా మోరీ మీద వంగి, అప్పుడే పెట్టుకున్న ఖర్రా ఉమ్మేసి వచ్చాడు.

పైసా వదలకుండా అన్నీ చూపించి రిటర్న్ పంపేశాను. రసీదు సొరుగులో వేశాను.

"అయిందా బిడ్డా?"

నేను గడ్డం పైకెత్తాను. "ఊఁ."

బాపులాగా నమ్మి వెళ్ళిపోలేదాయన. నేను షట్టర్ దించేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు. రసీదు తెల్లారి ఇచ్చాను.