మొదటిదా, రెండోదా?

మా బావకి మనుషుల మాట మీద నమ్మకం లేదు. ఇది దుర్గుణం కాదు, వృత్తి ధర్మం. కళ్ళు పరీక్ష చేసి కళ్ళజోళ్ళు అమ్మే మనిషి ఆయన. ఎదుటివాడి ముక్కు మీద బరువైన గుండ్రటి ఫ్రేము పెట్టి, అందులో ఒక లెన్సు దూర్చి, తీసి, ఇంకొకటి దూర్చి, "మొదటిదా, రెండోదా?" అని అడుగుతాడు. వాడు "మొదటిది" అంటాడు. అంతటితో వదిలేస్తే మా బావ ఎందుకవుతాడు? వాటినే తారుమారు చేసి మళ్ళీ అడుగుతాడు. అడిగి అడిగి, చివరికి వాడి చేత "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అనిపించేదాకా ఊరుకోడు. ఆ మాట చెవిన పడగానే మా బావ మొహం వెలిగిపోతుంది. తేడా తెలియకుండా పోయిందంటే సరైన నంబరు దొరికినట్టేనట. కళ్ళ విషయంలో అది నిజమే కావచ్చు. ఆయన దాన్ని తీసుకొచ్చి కాపురంలో పెట్టాడు.

ఆయన షాపు పక్కనే నా పెట్టెల కొట్టు. చేతిసంచుల దగ్గర్నుంచి చక్రాల సూట్‌కేసుల దాకా అమ్ముతాను. రెండు షాపులకీ మధ్య గోడ ఒక్కటే, అదీ పల్చటిది. నేనిక్కడ గిరాకీకి పెట్టెలు చూపిస్తుంటే అవతల నుంచి "మొదటిదా, రెండోదా?" అని వినపడుతుంది. నా గిరాకీ ఉలిక్కిపడి "రెండోది" అంటాడు. ఆ విధంగా బావ వల్ల నాకు కొంత వ్యాపారం జరిగిందని ఒప్పుకోవాలి.

పెళ్ళయిన వారంలోనే ఆ షాపు తెరిచారు. నాటి నుంచి మా అక్క ముందు గదిలో బల్ల వెనక, మా బావ వెనక గదిలో తెర వెనక. ఊడిన మరలు బిగించడం, చెవులకి ఒరుసుకునే కాడలు వంచి సరిచేయడం అక్క పని. వెనక గది పొడవు మరీ తక్కువ, బోర్డుకి కావలసిన దూరం చాలదు. అక్షరాల బోర్డు కూర్చున్నవాడి తల వెనక వేలాడదీసి, ఎదురు గోడకున్న అద్దంలో చూపిస్తారు. మొత్తం మీద ఆ షాపులో ఎటు చూసినా చూపు నాలుగడుగులు వేసి గోడకి కొట్టుకుంటుంది.

అక్క బల్లకి ఎదురుగా ఒక పెద్ద బొమ్మ ఉంది. చలవ కళ్ళద్దాల కంపెనీవాళ్ళు ఎప్పుడో అంటించి పోయారు. ఇసుక తిన్నె మీద ఒక ఆడమనిషి, పక్కన ఒక మగమనిషి నిలబడి ఉంటారు. వాళ్ళ ముందు ఇంకేమీ ఉండదు, ఇసుకా ఆకాశమూ తప్ప. మా అక్క ఏళ్ళ తరబడి మరలు బిగిస్తూ ఆ బొమ్మకేసి చూసింది.

"ఒరేయ్ తమ్ముడూ, చూపు ఎక్కడా గోడకి తగలకుండా ఒక్కసారి చూడాలనుందిరా" అంది నాతో ఒకరోజు. "పక్కన మీ బావ ఉండాలి. మా మధ్య బల్లా ఉండకూడదు, తెరా ఉండకూడదు. అంతే."

మా అక్క ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం నేను వినడం అదే మొదలు. ఆ మాటే బావతోనూ అంది. ఆశ్చర్యం, ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. పొద్దున విమానమెక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగే దూరంలో ఒక ఎడారి నగరం ఉంది. చలికాలంలో తప్ప అక్కడ మనిషి తిరగలేడు. "ఈ చలికాలమే వెళ్దాం. హోటలు సంగతి నాకొదిలెయ్" అన్నాడు. అక్క మురిసిపోయి ఆ సాయంత్రమే నా కొట్టుకొచ్చి నీలం రంగు చక్రాల పెట్టె పట్టుకుపోయింది. హోటలు సంగతి ఆయనకొదిలెయ్యడం అంటే ఏమిటో అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

ముందుగా ఆయన ఫోనులో ఆ నగరపు హోటళ్ళ మీద జనం రాసిన అభిప్రాయాలు చదవడం మొదలుపెట్టాడు. మెచ్చుకున్నవాళ్ళవి చదవడు. "కళ్ళు బాగున్నవాడు నా షాపుకొస్తాడురా? బాగోలేదన్నవాడి మాటే మనకి ఆధారం" అని సిద్ధాంతం. అంచేత తిట్లన్నీ ఏరుకుని చదివాడు. ఒకడికి దిండు ఎత్తుగా ఉంది. ఒకడికి లిఫ్టులో సంగీతం నచ్చలేదు. ఒకడైతే ఎడారిలో ఇసుక మరీ ఎక్కువగా ఉందని రాసి అయిదు చుక్కలకి ఒక్క చుక్క ఇచ్చి పోయాడు. నేను పడీపడీ నవ్వాను. బావ నవ్వలేదు.

"ఎంత ఎక్కువో రాయలేదు చూడు వెధవ" అన్నాడు దిగులుగా.

అలా ఈకకి ఈక, తోకకి తోక లాగి, హోటళ్ళన్నిట్నీ వడగట్టగా వడగట్టగా రెండు మిగిలాయి. ఒకటి పాత కోటగోడ లోపల ఉంది, సందుల మధ్య, చెక్క కిటికీలతో. రెండోది ఊరి చివర అద్దాల మేడ. దాని పై అంతస్తులో కిటికీ తెర తీస్తే ఎడారే. మనం బతికిపోయాం అనుకున్నాను. రెండింట్లో ఒకటి ఎంచుకోవడం ఎంతసేపు?

ఆయన ఫోను తీసుకెళ్ళి అక్క మొహం ముందు పెట్టాడు. "మొదటిదా, రెండోదా?"

"రెండోది" అంది అక్క, బొమ్మకేసి ఒకసారి చూసి.

"తొందరపడకు. సరిగ్గా చూసి చెప్పు." ముందు అద్దాల మేడ చూపించి, తర్వాత కోటగోడ చూపించాడు. "ఇప్పుడు?"

"అదేనండీ, ఆ అద్దాలది."

"ఇందాక రెండోదన్నావు. ఇప్పుడు మొదటిదంటున్నావు. నీకు నిలకడ లేదు."

ఈ వాదనకి మా అక్క దగ్గరే కాదు, ఎవరి దగ్గరా జవాబు లేదు. మర్నాడు అన్నం వడ్డిస్తుంటే అడిగాడు. ఆ తర్వాత ఆవిడ ఎవరి ముక్కుకో ఫ్రేము సరిచేస్తుంటే తెర తొలగించి అడిగాడు. ఆవిడ రెండోదంటే కోటగోడ గొప్పలు చెప్పాడు. విసిగి సరే కోటగోడే అంటే అద్దాల మేడ గొప్పలు చెప్పాడు. చలికాలం వచ్చి తలుపు తట్టింది. మా వీధిలో జనం పెట్టెల్లోంచి స్వెట్టర్లు బయటికి తీశారు. ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఈ లోపల ఆయన ఆ నగరానికి పెద్ద పండితుడైపోయాడు. ఒకసారి నా ఎదురుగానే, నిజంగా అక్కడికెళ్ళి వచ్చిన గిరాకీ ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు. "బజారుకి ఏ వైపు నుంచి వెళ్ళారు?" అని అడిగాడు బావ లెన్సు తుడుస్తూ. ఆయనేదో చెప్పాడు. "అయ్యయ్యో, ఉత్తరం గుమ్మం నుంచి వెళ్ళాల్సింది. అటయితే నీడ ఉంటుంది. పైగా పక్కనే అత్తరు కొట్టు. ముసలాయన కూర్చుంటాడు, మొదట ధర ఎక్కువ చెబుతాడు, మనం లేచి నిలబడితే దారికొస్తాడు." గిరాకీ గుడ్లు తేలేశాడు.

"ఎన్నిసార్లు వెళ్ళారండీ మీరు?"

"ఇంకా వెళ్ళలేదు. హోటలు తేలలేదు" అన్నాడు బావ, ఏమాత్రం సిగ్గుపడకుండా.

ఒక మధ్యాహ్నం గోడ అవతల నుంచి చప్పట్లు వినపడ్డాయి. ఏమైందోనని పరిగెత్తాను. బావ ఫోను పట్టుకుని ఇంత మొహం చేసుకుని నిలబడి ఉన్నాడు.

"తేలిపోయిందిరా! మీ అక్క చేత అనిపించాను. రెండూ ఒకటేనంది!"

నేను అక్కకేసి చూశాను. బల్ల వెనక కూర్చుని ఏదో మర బిగిస్తోంది. తల ఎత్తలేదు. ఎదురుగా ఉన్న బొమ్మవైపు కూడా చూడలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ తన కుర్చీలో కూర్చున్నవాళ్ళకి చూపు తెప్పించే మనిషి, ఇంట్లో ఉన్న ఒక్క కోరికని అరగదీసి అరగదీసి కనపడకుండా చేసి, అదేదో విజయమన్నట్టు చప్పట్లు కొడుతున్నాడు.

"అయితే ఏది బుక్ చేస్తున్నావు బావా?" అన్నాను.

ఆయన నీళ్ళు నమిలాడు. రెండూ ఒకటే అయినప్పుడు ఏది చేయాలో ఆయన శాస్త్రంలో లేదు. "అది తర్వాత చూద్దాంలే. ముందు అక్కడికెళ్ళి ఏం చేయాలో తేల్చాలి కదా" అని, రెట్టించిన ఉత్సాహంతో ఒంటెల మీద పడ్డాడు.

ఒంటె సవారీయా, ఇసుక మీద జీపా? తెల్లవారుజామున గాలిబుడగెక్కి ఆకాశంలో తిరగడమా, సాయంత్రం గుడారంలో విందా? ఒకావిడ తనని ఒంటె చులకనగా చూసిందని రాసింది. బావ ఆ ఒంటె ఏ కంపెనీదో కనుక్కోవడానికి మూడు రోజులు పెట్టాడు. బుడగవాళ్ళు పొద్దున్నే లేపుతున్నారని ఒకడు ఏడ్చాడు, దాంతో బుడగ పేలిపోయింది. జీపులో నడుం పట్టేసిందని ఇంకొకడు. గుడారంలో విందు బాగుందని అందరూ రాశారు, అందుకని దాన్ని నమ్మలేదు. అక్క తెచ్చుకున్న నీలం పెట్టె షాపు మూల పడి ఉంది. చేయించుకుని తీసుకుపోని వాళ్ళ కళ్ళజోళ్ళన్నీ బావ అందులో పడేయడం మొదలుపెట్టాడు. చలి తగ్గింది. వీధిలో స్వెట్టర్లు మళ్ళీ మడతపెట్టేశారు.

బావకి చత్వారం ముదిరి సన్నక్షరాలు అలుక్కుపోతున్నాయని ఆ రోజుల్లోనే తెలిసింది. అన్ని తిట్లు చదివితే ముదరదా మరి? ఎవరి కళ్ళు వాళ్ళు పరీక్ష చేసుకోలేరు కాబట్టి ఆయన నంబరు ఎప్పుడూ అక్కే చూస్తుంది. నా కళ్ళజోడు కాడ ఊడితే బిగించుకుందామని వెళ్ళి, తెర ఇవతల బల్ల మీద కూర్చున్నాను. తెర సగం తీసే ఉంది.

బావ గిరాకీ కుర్చీలో కూర్చున్నాడు. ముక్కు మీద ఆ బరువైన ఫ్రేము. అక్క లెన్సులు మారుస్తోంది.

"మొదటిదా, రెండోదా?"

"రెండోది."

"ఇప్పుడు?"

"మొదటిది. ఊఁ, ఇంకొంచెం పెంచు."

అక్క లెన్సు మార్చింది. గొంతు మార్చలేదు. "ఇద్దరం వెళ్ళడమా? నేనొక్కదాన్నే వెళ్ళడమా?"

బావ అద్దంలో అక్షరాల కేసే చూస్తున్నాడు. అలవాటైన నోరు ఊరుకోలేదు. "మళ్ళీ ఒకసారి చూపించు" అన్నాడు.

అక్క ఆయన ముక్కు మీద నుంచి ఫ్రేము నెమ్మదిగా తీసేసి, లెన్సులు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దింది.

"మళ్ళీ చూపించడం నా వల్ల కాదండీ" అంది.

బావ నవ్వాడు. హాస్యమనుకున్నాడు పాపం. మర్నాడు పొద్దున నేను కొట్టు తెరిచేసరికి ఆయన షాపు బల్ల మీద దిక్కులేని కళ్ళజోళ్ళు గుట్టగా పోసి ఉన్నాయి. నీలం పెట్టె లేదు, అక్కా లేదు. అద్దాల మేడ, పై అంతస్తు. ముందు రోజు రాత్రే నా చేత బుక్ చేయించింది, మొత్తం కలిపి టీ చల్లారినంతసేపు పట్టలేదు.

"ఒక్కతే వెళ్ళిందిరా" అన్నాడు బావ, గుట్టలోంచి ఒక కళ్ళజోడు తీసి చూస్తూ. "దిండు ఎత్తు సంగతి కూడా చెప్పలేదు నేను."

అక్క లేని రోజుల్లో మరలు బిగించే పని కూడా ఆయన మీదే పడింది. బల్ల వెనక కూర్చుని, ఎదురుగా ఉన్న బొమ్మని బహుశా మొదటిసారి చూశాడు. "వీళ్ళెప్పుడొచ్చారిక్కడికి?" అని నన్నడిగాడు. షాపు తెరిచినప్పటి నుంచీ ఉన్నారని చెప్పాను.

అక్క తిరిగొచ్చింది. చలికాలం దాటాక వెళ్ళింది కదా, ముక్కు మీద తోలు లేచింది, మొహం నల్లబడింది, కానీ కళ్ళు మాత్రం ఎక్కడో దూరంగా చూసి వచ్చినట్టున్నాయి. పెట్టె దింపనివ్వకుండానే బావ ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"రూము ఎలా ఉంది?"

"బాగుందండీ."

"వేడినీళ్ళు?"

"బాగా వచ్చాయి."

"దిండు?"

"బాగుంది."

"ఒంటె?"

"నన్ను బాగానే చూసింది."

బావకి ఊపిరాడలేదు. "అన్నీ బాగున్నాయంటే ఎవరైనా నమ్ముతారా? ఏదో ఒక లోపం ఉండే ఉంటుంది. అది చెప్పు, అప్పుడు నమ్ముతాను."

అక్క తప్పించుకునే మనిషి కాదు, అడిగితే ఉన్నదున్నట్టు చెబుతుంది.

"ఉంది ఒకటి" అంది. "సాయంత్రం తిన్నె మీద కూర్చున్నాను. పొద్దు గుంకుతోంది. ఎంత దూరమండీ, ఎక్కడా గోడ లేదు. 'ఏవండీ, చూడండి' అని పక్కకి తిరిగాను."

అక్కడితో ఆపి పెట్టె తాళం తీయడంలో పడింది.

బావ మళ్ళీ చెప్పమనలేదు. తెర తీసుకుని వెనక గదిలోకి వెళ్ళి, గిరాకీ కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు రాలేదు. బయట ఇద్దరు గిరాకీలు వచ్చి, చూసి, వెళ్ళిపోయారు. నాకు ఆయన మీద ఇన్నాళ్ళూ ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. జాలేసింది.

మర్నాడు నా కొట్టుకొచ్చాడు.

"ఒక పెట్టె కావాలిరా. నాకు" అన్నాడు. "మీ అక్కది మీ అక్కకే సరిపోదు."

నేను పైనుంచి రెండు దింపాను. ఒకటి నల్లది, ఒకటి బూడిదరంగుది. పక్కపక్కన నిలబెట్టి, ఎన్నాళ్ళ కసో తీర్చుకుంటూ అడిగాను. "మొదటిదా బావా, రెండోదా?"

ఆయన దీనికేసి చూశాడు, దానికేసి చూశాడు. నోరు తెరిచాడు. గోడ అవతల అక్క ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినపడుతోంది. నోరు మూసుకుని, చేతికి దగ్గరగా ఉన్న నల్లదాన్ని అందుకుని లాక్కుంటూ పోయాడు.

దానికి ఎడం చక్రం కీచుమంటుంది. నేను చెప్పలేదు. చెబితే రెండోది చూపించమంటాడు.